ఇల్లు మారబోతున్నాం, ఈ డబ్బాలన్నీ ఏం చెయ్యాలి, ఈ 20 రోజులు ఏం తినాలి?

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నిజాంపేట వైపు నుంచి ఒకావిడ రాశారు, పేరు వద్దన్నారు. పెద్ద ఉత్తరం, కుదించి చెప్తాను. వాళ్లాయనకి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఆషాఢం రాకుండానే ఇల్లు మారాలని అత్తగారు, జూన్ 12న స్కూళ్లు తెరిచేలోపు అక్కడుండాలని వీళ్లు, అందుకని జూన్ 9న లోడింగ్ పెట్టుకున్నారు. ఇంట్లో అయిదుగురు, ఈవిడ, ఆయన, ఏడో క్లాసుకొచ్చే బాబు, రెండో క్లాసు పాప, షుగర్ ఉన్న అత్తగారు. 11 ఏళ్లుగా అదే ఫ్లాటు. ఈవిడ ఇంటినుంచే ఉద్యోగం చేస్తారు, పగలు ఆఫీసు కాల్స్, రాత్రి ప్యాకింగ్.

గొడవంతా వంటింట్లోనే. ఈవిడ రాత్రి సర్దిన డబ్బాల్ని అత్తగారు పొద్దున్నే మళ్లీ తీసి అరల్లో పెట్టేస్తున్నారట. ఒక్క గింజ పారెయ్యడానికి వీల్లేదు అని ఆవిడ, అన్నీ ఇక్కడే ఎవరికో ఇచ్చేసి అక్కడ కొత్తవి కొనుక్కుందాం అని ఆయన. మధ్యలో ఈవిడకి వండే ఓపిక లేక రెండు వారాలుగా రాత్రిపూట బయటినుంచే తెప్పిస్తున్నారు. పాపకి కడుపునొప్పి, అత్తగారి షుగర్ ఒకసారి బాగా పెరిగి ఇంకోసారి కళ్లు తిరిగేంత పడిపోయింది. పైగా మే నెలలోనే అత్తగారు 10 కిలోల కాయ తెప్పించి ఆవకాయ పెట్టేశారు, ప్యాకర్స్ వాళ్లేమో పచ్చళ్లు, నూనెలు, సిలిండర్ ఎక్కించం అన్నారు. ఉత్తరం చివర చిన్నగా ఇలా రాశారు: "రాత్రి 11 గంటలకి అట్టపెట్టెల మధ్య నిలబడి పిల్లల మిక్చర్ ప్యాకెట్ మొత్తం నేనే తినేస్తున్నానండి, తర్వాత ఏడుపొస్తోంది. కొత్తింట్లో మొదటిరోజు ఏం వండాలో కూడా తోచట్లేదు."

అమ్మా, ముందు ఆ మిక్చర్ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు దాన్ని తప్పు చేసినట్టు రాశారు. మీ ఉత్తరంలోనే ఉంది, మధ్యాహ్నం కాల్ ఉంటే రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు, సాయంత్రం టీ తప్ప ఏమీ లేదు, రాత్రి పిల్లలకి పెట్టి మీరు పెట్టెలు కట్టడానికి కూర్చుంటున్నారు. అంటే పొద్దున టిఫిన్ తర్వాత మీరు సరిగ్గా కూర్చుని తిన్నది లేదు. 11 గంటలకి మీకేసేది ఆకలి, అంతే. ఆ టైముకి ఎదురుగా కనపడేది మిక్చర్ ప్యాకెట్టు కాబట్టి దాన్ని తింటున్నారు. దానికి ఏడవక్కర్లేదు, సాయంత్రం అయిదింటికి ఏదో ఒకటి కూర్చుని తినాలి అంతే, అది ఏంటో కింద చెప్తాను.

ఇప్పుడు డబ్బాల సంగతి. మీరు రాసిన లిస్టు చూశాను, కందిపప్పు నాలుగు కిలోలు, మినప్పప్పు రెండు, పెసలు ఒకటిన్నర, శనగలు ఒక కిలో, బొంబాయి రవ్వ, అటుకులు, శనగపిండి, బియ్యప్పిండి, విప్పిన బియ్యం బస్తా సగం పైన, విప్పనిది 26 కిలోలది ఒకటి. ఒక్కసారి లెక్క వెయ్యండి. అయిదుగురికి రోజూ ఒక గ్లాసు పప్పు వండితే సుమారు 200 గ్రాములు, మీకు ఇంకా 20 రోజులున్నాయి, అంటే నాలుగు కిలోలు. మీ కందిపప్పు సరిగ్గా జూన్ 9కి అయిపోతుందమ్మా, ఎవరూ ఏమీ పారెయ్యక్కర్లేదు, ఎవరూ సర్దక్కర్లేదు! రోజూ తినే పప్పే రోజూ వండితే చాలు. మీ ఇంట్లో డబ్బాలు నిండుగా ఉండిపోవడానికి ఒక కారణం రెండు వారాలుగా బయటి తిండి రావడమే, అది మీరిద్దరూ గమనించినట్టు లేదు. మీ వారు ఆర్డర్ పెట్టేది మీకు సాయంగానే, ఆయన్ని నేనేమీ అనట్లేదు, కానీ ఒక్కో రాత్రి ఆర్డరుకీ ఒక గ్లాసు పప్పు, రెండు గ్లాసుల బియ్యం మీరు కట్టాల్సిన పెట్టెలో చేరిపోతున్నాయి.

నాకైతే మీ ముందు మూడు దారులు కనపడుతున్నాయి. ఒకటి, ఇప్పుడు జరుగుతున్నట్టే జరగనివ్వడం, బయటినుంచి తెప్పించుకుంటూ ఉన్నదంతా కట్టి తీసుకెళ్లడం. వండే పని తప్పుతుంది నిజమే, కానీ పాప కడుపునొప్పి, అత్తయ్యగారి షుగర్ ఇలాగే ఉంటాయి, పైగా వైజాగ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ సముద్రపు గాలి, తేమ ఎక్కువ. నిజాంపేటలో డబ్బాలో గలగల్లాడే ఉప్పు అక్కడ ముద్దకడుతుంది, అప్పడాలు మెత్తబడిపోతాయి, విప్పిన రవ్వకీ పిండికీ తొందరగా పురుగు పడుతుంది. ఇన్ని డబ్బాలు మోసుకెళ్లి జులైలో అక్కడ జల్లెడ పట్టుకుని కూర్చోవడం మీకే కష్టం.

రెండోది మీ వారు చెప్పేది, అన్నీ ఇచ్చేసి వెళ్లడం. ఇందులోనూ న్యాయం ఉంది, వైజాగ్‌లో దొరకనిదేం లేదు, ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో రైతు బజార్లున్నాయి, పూర్ణా మార్కెట్ ఉంది, దిగిన రెండోరోజే అన్నీ కొనుక్కోవచ్చు. కానీ అత్తయ్యగారు దాన్ని పప్పులు ఇచ్చెయ్యడంగా చూడరు. 11 ఏళ్లుగా ఆవిడ చేతుల్లో ఉన్న వంటిల్లు అడక్కుండా ఖాళీ చేసినట్టు ఆవిడకి అనిపిస్తుంది, ఆ మాట వైజాగ్‌లో చాలాకాలం వినాల్సొస్తుంది. మీరు సర్దినవి ఆవిడ మళ్లీ తీసి పెడుతున్నారని కోపంగా రాశారు, నాకు మాత్రం అక్కడ మొండితనం కనపడలేదమ్మా. ఆవిడకి వైజాగ్‌లో గుడి ఎక్కడో తెలీదు, పక్కింటావిడ ఎవరో తెలీదు, సాయంత్రం ఎవరితో కూర్చోవాలో తెలీదు. తెలిసింది ఏ డబ్బాలో ఏముందో ఒక్కటే, అదీ పెట్టెలోకి వెళ్లిపోతుంటే తీసి బయట పెట్టుకుంటున్నారు.

మూడోది, నేనైతే దీనివైపు మొగ్గుతాను కానీ మీ ఇంటి సంగతి మీకే తెలుసు, సరుకుల పెత్తనం మొత్తం ఈ 20 రోజులకి ఆవిడకే ఇచ్చెయ్యడం. ఏది ముందు అయిపోవాలో, ఏ రోజు ఏం వండాలో ఆవిడే చెప్తారు, మీరిద్దరూ వండుతారు, మీరు పుస్తకాలు, బట్టలు, గాజుసామాను కట్టుకుంటారు, వంటింటి సామాను సర్దే జోలికి చివరి మూడు రోజుల దాకా వెళ్లరు. దీనికి నష్టం లేదని చెప్పను. పని నెమ్మదవుతుంది, మీరు ఇచ్చేద్దామనుకున్నది ఆవిడ దాచమంటారు, రెండు మూడు పాత డబ్బాలు అనవసరంగా వైజాగ్ దాకా వస్తాయి. రానివ్వండి. మా అత్తగారు ఒక ఇత్తడి జల్లెడ నాలుగు ఊళ్లు తిప్పారు, అప్పుడు విసుగొచ్చేది, ఇప్పుడు పిండి జల్లించేది దాంతోనే. ఆవిడకి ఇలా చెప్పండి, "అత్తయ్యా, ఇవన్నీ పారెయ్యకుండా అవగొట్టాలి, ఎలాగో మీరే చెప్పాలి" అని. ఆ "అవగొట్టాలి" అన్న మాట ఆవిడకీ నచ్చుతుంది, మీ వారికీ నచ్చుతుంది.

వంటకి వస్తే, పొద్దున ఒక పెద్ద వంట చాలు, అన్నం, పప్పు, ఒక కూర, రాత్రికి తేలిగ్గా ఒక్కటే. పెసలు నానబోస్తే పెసరట్లు, బియ్యం కడిగి ఆరబోసి కాస్త రవ్వ పట్టిస్తే ఉప్పుడుపిండి, బొంబాయి రవ్వ ఉప్మా, శనగపిండితో పూరీల్లోకి బొంబాయి చట్నీ. గుప్పెడు గుప్పెడు మిగిలిపోయిన పప్పులుంటాయి చూడండి, ఏ డబ్బాకీ చాలనివి, వాటన్నిట్నీ కలిపి రెండింతల బియ్యంతో నానబెట్టి ఎండుమిరపకాయలు, జీలకర్ర వేసి బరకగా రుబ్బితే పప్పుల దోసె, దానికి పులియబెట్టే పనే లేదు. వారానికి రెండు రాత్రులు బయటినుంచి తెప్పించుకోండి, తప్పేం లేదు, కానీ ఏ రోజో ముందే అనుకోండి. ఎనిమిదింటికి అందరికీ ఆకలేసి విసుగొచ్చాక తెప్పించేది ఎక్కువా అవుతుంది, అత్తయ్యగారికి పడనిదీ అవుతుంది.

ఇక అయిదింటి తిండి. వారంలో మూడు రోజులు శనగలు పెట్టుకోండి, రాత్రి నానేసి పొద్దున కుక్కర్లో ఉడికించి ఉంచితే సాయంత్రం పోపేసి గుగ్గిళ్లు చెయ్యడం అయిదు నిమిషాలు, అత్తయ్యగారికి కూడా అవి మంచివి, బిస్కెట్ల లాగా గబుక్కున షుగర్ పెంచవు. మిగతా రోజులకి అటుకుల మిక్చర్ ఒకేసారి చేసి పెట్టుకోండి. పల్చటి అటుకులు మూకుట్లో నూనె లేకుండా సన్నసెగ మీద ఒక ఆరేడు నిమిషాలు కదుపుతూ ఉండాలి, రంగు మారనక్కర్లేదు, ఒక అటుకు తీసి వేళ్ల మధ్య నలిపితే పటుక్కుమని విరగాలి, వంగితే ఇంకా కాలేదని. అవి తీసి పక్కన పెట్టి, అదే మూకుట్లో రెండు మూడు చెంచాల నూనె, వేరుశనగ గుళ్లు ఎర్రగా వేగాక పుట్నాల పప్పు, కరివేపాకు, పసుపు, పొయ్యి కట్టేశాక ఉప్పూ కారం, అప్పుడు అటుకులు పోసి కలపాలి. కరివేపాకు గలగల్లాడేదాకా వేగకపోతే ఆ చెమ్మకి మర్నాటికే మొత్తం మెత్తబడిపోతుంది, అక్కడొక్కచోట తొందరపడకండి. పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసుకుంటే వారం పైన ఉంటుంది, ఇంట్లో ఉన్న అటుకులూ గుళ్లూ అయిపోతాయి. మీరు మటుకు గిన్నెలో వేసుకుని కూర్చుని తినండి, పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. రాత్రి 11కి మళ్లీ ఆకలేస్తే ఒక గ్లాసు మజ్జిగ, ఒక అరటిపండు.

మినప్పప్పు రెండు కిలోలు ఒక్క ఇడ్లీలకే అవ్వదు కాబట్టి ఒక కిలో దోరగా వేయించి పట్టించి బెల్లం, నెయ్యితో సున్నుండలు చుట్టెయ్యండి, పిల్లలకి ప్రయాణంలో, కొత్తింట్లో మొదటి వారం స్కూలు నుంచి రాగానే పెట్టడానికి పనికొస్తాయి. ఈ పనికి మీ బాబుని కూర్చోబెట్టండి, ఏడో క్లాసు పిల్లాడు ఉండలు చుట్టగలడు.

అత్తయ్యగారి షుగర్ గురించి కాస్త గట్టిగా చెప్తున్నా, ఏమనుకోకండి. షుగర్ టాబ్లెట్లు వేసుకుని అన్నం ఆలస్యం అయితేనే చాలామందికి కళ్లు తిరుగుతాయి. మీ ఇంట్లో జరిగింది అదే అనిపిస్తోంది, ఆర్డర్ తొమ్మిదిన్నరకి వచ్చింది, ఆవిడ టాబ్లెట్ ఎనిమిదింటికే వేసుకున్నారు అని మీరే రాశారు. అందరి భోజనం ఎప్పుడైనా కానివ్వండి, ఆవిడది మాత్రం ఎప్పుడూ తినే టైముకి పెట్టెయ్యండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే మెషిన్లో షుగర్ చూడండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వెళ్లే ముందు ఒకసారి ఆవిడ డాక్టర్ని కలిసి ఈ ఎక్కువా తక్కువా రెండూ చెప్పండి, ప్రయాణం రోజు మందులు ఎలా వేసుకోవాలో అడగండి, ఒక నెల మందులు, పాత రిపోర్టులు, షుగర్ చూసే మెషిను పెట్టెల్లో కాకుండా మీ చేతిసంచిలో ఉండాలి.

ఆవకాయ. దీన్ని లారీవాళ్లు తీసుకోకపోవడమే మంచిదైంది. ఎవరో వద్దన్నా వినకుండా జాడీ లారీలో పంపించిన ఇల్లు నాకు తెలుసు, బీరువాలో చీరల దాకా నూనె వెళ్లింది. పెద్ద జాడీలు ఖాళీ చేసి కాగితాలు చుట్టి లారీలో వెయ్యండి, పచ్చడి మాత్రం మీతో రావాలి. ఎండలో బాగా ఆరిన గాజు సీసాలు గానీ పచ్చళ్లకి వాడే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలు గానీ తీసుకోండి, స్టీలు, అల్యూమినియం వద్దు, ఉప్పు పులుపు వాటిని తినేస్తాయి. చెయ్యీ గరిటె పొడిగా ఉండాలి, పచ్చడి నొక్కి నొక్కి నింపాలి, మధ్యలో గాలి ఉండకూడదు, పైన నూనె తేలాలి, చాలకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నువ్వులనూనె పొయ్యాలి, మూత దగ్గర రెండు వేళ్ల ఖాళీ వదలాలి, లేకపోతే కుదుపులకి పైకి తన్నుతుంది. తర్వాత మూత, దానిమీద ప్లాస్టిక్ కవరు, దానిమీద గుడ్డ వేసి వాసెన కట్టినట్టు గట్టిగా తాడు. అన్నీ ఒక బకెట్లో నిలబెట్టి మధ్యలో పాత తువ్వాళ్లు కూరి, రైల్లో సీటు కింద పెట్టుకోండి. 10 కిలోల కాయ పచ్చడి మొత్తం మోయలేమంటే ఒక వంతు మీ అపార్ట్‌మెంట్‌లో, చుట్టాల్లో పంచమని అత్తయ్యగారినే అడగండి. ఆవిడ చేత్తో ఇస్తే ఆవిడకి బాధుండదు.

ఇచ్చేవి ఉంటే మీ పనమ్మాయికి చివరిరోజు హడావుడిలో కాకుండా ముందే అడగండి, ఏం కావాలో, ఎంత పట్టుకెళ్లగలదో. పురుగు పట్టినవి, డేటు దాటినవి ఇవ్వకండి, అవి చెత్తలోకే, అత్తయ్యగారు చూడకుండా కాదు, చూపించే వెయ్యండి. విప్పని 26 కిలోల బస్తా అలాగే లారీలో వెళ్లిపోతుంది, దాని గురించి వాదించుకోవద్దు. రవ్వ మిగిలితే వేయించి గట్టి మూత డబ్బాలో పట్టుకెళ్లండి.

గ్యాస్ సంగతి మీరు రాయలేదు కానీ మర్చిపోతే చివర్లో ఇబ్బందవుతుంది. ఊరు మారుతున్నారు కాబట్టి ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చి టెర్మినేషన్ వోచర్ అని ఒక కాగితం ఇస్తారు, దాన్ని వైజాగ్‌లో కొత్త ఏజెన్సీలో చూపించి కనెక్షన్ తీసుకోవాలి. రెండు రోజులు ముందే అప్పగిస్తే మనసు తేలిక, కానీ ఆ రెండు రోజులు పొయ్యి ఉండదు, ఇండక్షన్ స్టవ్ మీద నెట్టుకురావాలి, దానిమీద అల్యూమినియం కుక్కరు పని చెయ్యదు, అయస్కాంతం అతుక్కునే గిన్నెలే కావాలి. లోడింగ్ రోజు పొద్దున దాకా ఆగితే వంట జరుగుతుంది కానీ ఆరోజు ఏజెన్సీకి తిరగడానికి ఒక మనిషి కావాలి, సెలవు రోజైతే అసలు కుదరదు. మీ వారిని ఈ వారమే వెళ్లి కనుక్కురమ్మనండి, ఈ పని ఆయనకి పూర్తిగా ఇచ్చెయ్యండి.

ఫ్రిజ్ ముందురోజు రాత్రే ఆపేసి తుడిచి తలుపు కాస్త తెరిచి ఉంచాలి, అక్కడ దించాక కూడా కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ఆన్ చెయ్యాలి, అంటే అటూ ఇటూ కలిపి దాదాపు మూడు రోజులు ఫ్రిజ్ లేనట్టే. ఆ లోపు దోసెల పిండి, పాలు, పెరుగు ఏవీ మిగలకుండా చూసుకోండి. ప్రయాణానికి పొద్దున చింతపండు పులిహోర కలుపుకోండి, రాత్రికి కూడా బాగుంటుంది, జూన్ ఎండకి పెరుగన్నం నమ్మకండి. అత్తయ్యగారికి రెండు చపాతీలు విడిగా.

కొత్తింట్లో మొదటిరోజు ఏం వండాలి అన్నారు. పాలు పొంగించాలి కదా, దానికి ఒక కొత్త గిన్నె, పసుపు, కుంకుమ, ఉప్పు, గుప్పెడు బియ్యం, దేవుడి పటం మీతోపాటే సంచిలో ఉండాలి, అది అత్తయ్యగారు సర్దుకుంటారు. వైజాగ్ ఏజెన్సీవాళ్లు గ్యాస్ ఇచ్చేదాకా ఆ ఇండక్షన్ స్టవ్వే మీకు పొయ్యి. పాలు పొంగాక వాటితో పరమాన్నం కొంచెం, తర్వాత ఒక గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో ముద్దపప్పు. అందుకని ఒక గ్లాసు కందిపప్పు విడిగా మూటకట్టి ఉంచండి, అన్నీ అవగొట్టెయ్యకండి. పోపుల పెట్టె కూడా లారీ ఎక్కనివ్వకండి, మీ ఒళ్లోనే రానివ్వండి. పప్పన్నంలో ఆవకాయ ఉంటుంది, నెయ్యి ఒక చిన్న సీసా. సోఫాలు రాకపోయినా, మంచాలు బిగించకపోయినా అయిదుగురూ కింద చాప వేసుకుని కూర్చోండి, ఆరోజు వడ్డన మాత్రం మీరు పెట్టుకోకండి, అత్తయ్యగారిని వడ్డించమనండి, మీరు పిల్లల పక్కన కూర్చుని మొదటి పంక్తిలోనే తినండి.